ఇల్లు చూపించే ఏజెంట్‌ని ఏం అడగాలి, ఏం అడిగితే దండగ

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొందామని బయల్దేరిన వాళ్లందరూ ఏజెంట్‌ని అడిగేవి దాదాపు అవే, ఏరియా ఎట్లుంది అన్నా, టైటిల్ క్లియరేనా, రేటు పెరుగుతదా, లాస్ట్ ఎంతకిస్తారు. ఈ నాలుగింట్లో మొదటి మూడింటికి ఆయన ఏం చెప్తాడో మీకు ముందే తెలుసు. "టెన్షన్ పడకండి సార్, హండ్రెడ్ పర్సెంట్ క్లియర్" అంటాడు. డీల్ అయితేనే ఆయనకి కమీషన్, కాబట్టి అందులో ఆయన్ని తప్పు పట్టేదేం లేదు. ఆయనకి మాత్రమే తెలిసిన సంగతులు కొన్ని ఉంటాయి, అవి నోటితో అడగండి. కాగితం మీద ఉండాల్సినవి కొన్ని, వాటికి కాగితమే అడగండి. ఇక రేపు ఏమైతదో ఆయనకీ తెలీదు, ఆ టాపిక్ వదిలేయండి.

ముందు కమీషన్ సంగతి

సిగ్గుపడకుండా ఫస్ట్ కాల్‌లోనే అడగాల్సింది ఇదే. పాత ఫ్లాట్ అయితే మామూలుగా ఒక శాతం నుంచి రెండు శాతం దాకా అడుగుతారు, ఓనర్ దగ్గర కూడా తీసుకుంటారు. కొత్త ప్రాజెక్ట్ అయితే ఏజెంట్‌కి బిల్డరే ఇస్తాడు, మీరు మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు, కానీ అప్పుడు ఆయన బిల్డర్ మనిషి అని గుర్తుపెట్టుకోండి. ఎంత, ఎప్పుడు, అనేది వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకోండి. బయానా రోజు సగం ఇవ్వమంటారు కొందరు, ఒప్పుకోకండి, రిజిస్ట్రేషన్ అయ్యాకే అనండి. రెరాలో (రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ అయిన ప్రాజెక్ట్‌లో ఫ్లాట్లు అమ్మాలంటే ఏజెంట్‌కి కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడగండి, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్కోవచ్చు.

ఇంకోటి, "ఓనర్‌తో మీరు డైరెక్టేనా?" అని అడగండి. మియాపూర్, మణికొండ లాంటి చోట్ల ఒకే ఫ్లాట్ ముగ్గురు నలుగురు బ్రోకర్ల దగ్గర తిరుగుతుంటది, ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్తారు, మధ్యలో ఇద్దరున్నారంటే ఆ ఇద్దరి వాటా కూడా మీ రేటులోనే కూర్చుంటది.

ఆయనకే తెలిసినవి

ఓనర్ ఎందుకు అమ్ముతున్నాడు. ఎన్ని నెలల నుంచి అమ్మకానికి ఉంది. ఇదే బిల్డింగ్‌లో ఈ మధ్య ఏ ఫ్లాట్ ఎంతకి పోయింది. చూసి వెళ్లిపోయిన వాళ్లు ఏం వంక పెట్టారు. ఈ ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు, కానీ దీనికి వచ్చే జవాబే చాలా పనికొస్తది, "వాస్తు సెట్ కాలేదు సార్" అంటే ఒక లెక్క, "వాళ్ల లాయర్ ఏదో అన్నాడంట" అని నసిగితే ఇంకో లెక్క. ఆరు నెలల నుంచి పోకుండా ఉన్న ఫ్లాట్‌కి బేరం గట్టిగా ఆడొచ్చు, పైగా ఆషాఢం అయితే చూసేవాళ్లే తక్కువ కాబట్టి ఇంకా మంచిది, మీకు ఆ పట్టింపు లేకపోతే.

ఓనర్ ఎక్కడుంటాడు అనేది కూడా తప్పకుండా అడగండి. మన సిటీలో సగం మంది ఓనర్లు అమెరికాలోనే ఉన్నారా అనిపిస్తది ఒక్కోసారి. ఇక్కడున్న ఓనర్ దగ్గర 50 లక్షలు, ఆ పైన కొంటే మీరు 1 శాతం టీడీఎస్ (ఓనర్ తరఫున ముందే కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) కట్ చేసి గవర్నమెంట్‌కి కట్టాలి. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం లెక్క పనిచేయదు, అంతకంటే చాలా ఎక్కువ కట్ చేయాల్సొస్తది, చేయకపోతే నోటీసు వచ్చేది ఆయనకి కాదు, మీకు. ఏజెంట్ "అందరూ 1 శాతమే కడతారు సార్" అన్నా వినకండి, ఒక సీఏని అడిగి చేయండి. ఓనర్ బదులు తమ్ముడో బావమరిదో జీపీఏ (ఓనర్ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం) పట్టుకొని సంతకం పెడతాడంటే ఆ జీపీఏ ఇక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో వాలిడేట్ అయిందా చూడండి, ఓనర్‌తో ఒకసారి వీడియో కాల్ మాట్లాడండి. జీపీఏ, నోటరీ కాగితాల మీదే అమ్మేస్తామంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి, జీపీఏ అమ్మకంతో ఆస్తి మారదని, రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

"ఎస్ఎఫ్‌టీ ఎంత?" అని ఆగిపోకండి

ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు, మోసం అనడం కన్నా లెక్క పూర్తిగా అడగరు అనాలి. ఇక్కడ చెప్పే ఎస్ఎఫ్‌టీ సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్ట్, కారిడార్, క్లబ్‌హౌస్ అన్నిట్లో మీ వాటా కలిపి. 1500 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్‌లో మీరు చాప పరుచుకునే జాగా 1100 ఉంటే అదే ఎక్కువ. "కార్పెట్ ఏరియా ఎంత, అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు" అని రెండూ అడగండి. కార్పెట్ అంటే ఇంటి లోపల మీరు వాడుకునే జాగా, అన్‌డివైడెడ్ షేర్ అంటే బిల్డింగ్ ఉన్న నేలలో మీ వాటా. రేపు ఇరవై ముప్పై ఏళ్లకి బిల్డింగ్ కూల్చి మళ్లీ కట్టాల్సి వస్తే మీకు మిగిలేది ఆ గజాలే. రెండు ఫ్లాట్లలో ఎస్ఎఫ్‌టీ రేటు ఒకటే ఉన్నా ఒకదాంట్లో 60 గజాలు, ఇంకోదాంట్లో 25 గజాలు ఉండొచ్చు. హైరైజ్‌లో తక్కువే వస్తది, అది మామూలే, కానీ ఎంతో తెలియాలి కదా.

తర్వాత మిగతా ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి, ఫ్లోర్ రైజ్ అంటే పై అంతస్తు అని ఎక్స్‌ట్రా, ఈస్ట్ ఫేసింగ్ అని ఎక్స్‌ట్రా, కార్నర్ అని ఎక్స్‌ట్రా, పార్కింగ్, ఎమినిటీస్, కార్పస్ ఫండ్ (బిల్డింగ్ కోసం దాచిపెట్టే డబ్బు), ముందే కట్టించుకునే మెయింటెనెన్స్. వాటిపైన గవర్నమెంట్ వాటా. కట్టేటప్పుడు కొంటే జీఎస్టీ మామూలుగా 5 శాతం, ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం ఏడున్నర శాతం. 80 లక్షల కొత్త ఫ్లాట్ అనుకోండి, జీఎస్టీ 4 లక్షలు, రిజిస్ట్రేషన్ 6 లక్షలు, ఒక్క అల్మారా కూడా చేయించకుండానే 90 లక్షలైంది. 30 లక్షలు దాటిన లోన్ అయితే 75 లక్షల దాకా బ్యాంక్ 80 శాతమే ఇస్తది, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులోకి రాదు. అంటే 16 లక్షలు మార్జిన్, 6 లక్షలు రిజిస్ట్రేషన్, కనీసం 22 లక్షలు చేతిలో ఉండాలి. "బ్యాంక్ మొత్తం చూస్కుంటది సార్" అనే ఏజెంట్‌కి ఈ లెక్క చూపించండి.

కాగితం అడగాల్సినవి

"టైటిల్ క్లియరా" అని కాదు, "లింక్ డాక్యుమెంట్లు, ఈసీ ఎప్పుడు పంపుతారు" అని అడగండి. లింక్ డాక్యుమెంట్లు అంటే ఇంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు, ఈసీ అంటే ఆ ఆస్తి మీద అయిన రిజిస్ట్రేషన్లు, మార్ట్‌గేజ్‌లు చూపించే సర్టిఫికెట్. జవాబు "బయానా ఇవ్వండి, అప్పుడు ఇస్తాం" అయితే వద్దు. జిరాక్స్ ఇవ్వడానికి భయమెందుకు? ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. సర్వే నంబర్ అడిగి అది నిషేధిత జాబితాలో, అంటే 22ఏ లిస్ట్‌లో ఉందేమో చూడండి, అసైన్డ్ భూమి, వక్ఫ్, గవర్నమెంట్ భూమి అక్కడే దొరికిపోతాయి.

చెరువు సంగతి 2024 జూలైలో హైడ్రా (చెరువుల కబ్జాలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక అందరికీ అర్థమైంది, అంతకు ముందు "లేక్ వ్యూ సార్" అంటే ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి మరీ కొన్నారు. దగ్గర్లో చెరువు గానీ నాలా గానీ ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడి దాకా, బఫర్ (దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగా) ఎక్కడి దాకా అని మ్యాప్ అడగండి. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మెట్రో డెవలప్‌మెంట్ అథారిటీ) చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది, మీరే సర్వే నంబర్‌తో పోల్చుకోండి.

స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు) అపార్ట్‌మెంట్ అయితే శాంక్షన్ ప్లాన్ తీసుకొని అంతస్తులు లెక్కపెట్టండి, నవ్వులాట కాదు. పైన పెంట్‌హౌస్ అని అమ్ముతున్నది ప్లాన్‌లోనే ఉండదు చాలాచోట్ల. అలాగే పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే వదులుతారు. మీకు చూపించిన ఫ్లాట్ ఆ మార్ట్‌గేజ్‌లో ఉందా అని సూటిగా అడగండి. రేటు కొంచెం తక్కువ చెప్తున్నాడంటే కారణం అదే కావచ్చు. ఇక "ఫలానా బ్యాంక్ అప్రూవ్ చేసింది కాబట్టి క్లియర్" అనే మాట నమ్మకండి, బ్యాంక్ లాయర్ బ్యాంక్ కోసం చూస్తాడు, మీకు మీ లాయర్ ఉండాలి, కోటి రూపాయల దగ్గర పది ఇరవై వేలు చూస్కోకండి.

ప్రీలాంచ్, అంటే పర్మిషన్లు రాకముందే అమ్మే స్కీమ్, దాని గురించి ఎక్కువ చెప్పను. 500 చదరపు మీటర్లు గానీ 8 ఫ్లాట్లు గానీ దాటే ప్రాజెక్ట్ రెరా నంబర్ రాకముందు అమ్మకూడదు, యాడ్ కూడా వేయకూడదు. నంబర్ వచ్చినా, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. "ఇప్పుడు మొత్తం కడితే సగం రేటుకే సార్" అన్నవాడిని రెరా నంబర్ అడగండి, సంభాషణ అక్కడే అయిపోతది.

నీళ్లు, మెయింటెనెన్స్

ఇవి ఏజెంట్‌ని అడగొచ్చు, కానీ వాచ్‌మన్‌ని అడిగితే నిజం తొందరగా తెలుస్తది. ఏప్రిల్, మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, బోరు ఎన్ని అడుగులు, మంజీరా (వాటర్ బోర్డ్) కనెక్షన్ ఉందా, ఉంటే ఎన్ని రోజులకోసారి వదులుతారు. నిజాంపేట్, బాచుపల్లి వైపు అయినా, నార్సింగి వైపు అయినా ఈ ప్రశ్న లేకుండా ఫ్లాట్ చూసి రాకండి. సాయంత్రం ఏడింటికి ఒకసారి వెళ్లండి, ఆదివారం పొద్దున ఏజెంట్ తీసుకెళ్లిన రోడ్డు, అప్పటి రోడ్డు ఒకటి కాదు.

మెట్రో ఇటే వస్తది, రీజినల్ రింగ్ రోడ్ పడ్డాక డబుల్ అయితది, ఇవన్నీ విని తల ఊపండి, రేటులో మాత్రం వాటికి రూపాయి కూడా కట్టకండి. ఉన్న మెట్రో స్టేషన్‌కి ఎంత దూరం అని అడగండి, అది చాలు.

బయానా ఇచ్చే ముందు

"వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అనే మాట వస్తది, పాత ఫ్లాట్లలో దాదాపు తప్పకుండా వస్తది. ఆస్తి కొనుగోలులో 20 వేలు, ఆ పైన క్యాష్ ఇచ్చిపుచ్చుకోవడం చట్టం ఒప్పుకోదు, పైగా రేపు ఓనర్ అడ్డం తిరిగితే ఆ క్యాష్‌కి సాక్ష్యం ఉండదు, వైట్, అంటే కాగితం మీద చూపించే రేటు, తగ్గితే మీ లోన్ కూడా తగ్గుతది. బయానా చిన్న మొత్తమే, చెక్ మీదే లేదా అకౌంట్‌కే ఇవ్వండి. లీగల్‌గా ఏదైనా తేడా వచ్చినా, లోన్ రాకపోయినా బయానా వాపస్ అని అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాయించండి, ఏజెంట్ "అవసరం లేదు సార్, మన ఓనర్ మంచోడే" అంటాడు, మంచోడైతే రాయడానికి ఇబ్బందేం ఉండదు కదా అనండి.

ఆఖరి కమీషన్ ఇచ్చేలోపు ఏజెంట్‌తో చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: అసోసియేషన్ నుంచి బకాయిలు లేవని లెటర్, చివరి కరెంట్ బిల్లు, నీళ్ల బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, ఓనర్‌కి పాత లోన్ ఉంటే బ్యాంక్ నో డ్యూ సర్టిఫికెట్, లింక్ డాక్యుమెంట్ల ఒరిజినల్స్. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఓనర్ కంటే ముందు ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేస్తాడు, అందుకే ఇవన్నీ చేతికొచ్చాక, తాళాలు తీసుకున్నాక అప్పుడు ఫోన్‌పే చేయండి.