తొలకరికి ముందే మోరీ నీరు నల్లాలోకి చేరకుండా చూసుకోవలసిన జాగ్రత్తలు

ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న ఇంజిన్ ఆయిలు, పేడ, చెత్త, మోరీల్లో మురిగిన వంటింటి నీరు తొలకరి వానకు ఒక్కసారిగా కదిలి పల్లపు వీధులను ముంచి చెరువుల్లో కలుస్తాయి కాబట్టి, వానాకాలం మొత్తంలో మొదటి రెండు మూడు వానల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల పాత వీధుల్లో అనేక ఇళ్లకు నల్లా పైపు మోరీని దాటుకునే వస్తుంది. నీళ్లు వదిలినంతసేపు లోపల ఒత్తిడి ఉండడం వల్ల పగులు నుంచి నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆగి ఒత్తిడి పడిపోయాక అదే పగులు గుండా మురుగు లోపలికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్పు మరింత పెరిగి, పక్కిళ్లకూ ఆ మురుగే అందుతుంది. ఈ అలవాటును వెంటనే మానుకోవాలి. సైకిల్ ట్యూబు చుట్టి సరిపెట్టిన జాయింట్లను ఈ వారమే మార్పించి, పైపును మోరీ నీటి మట్టానికి పైగా వేయించండి. నీళ్లు ఎక్కడం లేదని గుంత తవ్వి అందులో నల్లా పెట్టుకున్నవారు, వాన నీరు నిలవకుండా గుంత చుట్టూ గట్టు కట్టి, వాడనప్పుడు నల్లాకు గట్టిగా మూత బిగించాలి. నీళ్లు వదలగానే మొదట వచ్చేవాటిని తాగడానికి పట్టకండి.

సంపు కడిగించాక వెయ్యి లీటర్ల తేట నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే పోసి గంట ఆగాలి. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు.

నల్లా నీరు రంగు మారిందని పాత బోరు నీటిని కాచి తాగడం మన నల్లగొండ జిల్లాలో ప్రమాదకరం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ తగ్గదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. సెప్టిక్ ట్యాంకుల నుంచి ఇంకే నైట్రేట్ సంగతీ అంతే. లీటరుకు ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించిన నీరు తాగడానికి పనికిరాదు, కాబట్టి ముందే పరీక్ష చేయించండి.

ఇంకుడు గుంతలోకి స్నానాల నీరు, అంట్లు తోమిన నీరు మాత్రమే వదలాలి, అదీ బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో. సెప్టిక్ ట్యాంకు పొంగును మోరీలోకి వదలడం తప్పు. హైదరాబాదు మురుగు మూసీ వెంట మన పొలాల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలవడం చూస్తున్నవాళ్లమే మన దిగువ ఊరి చెరువుకు అదే పని చేయడం న్యాయం కాదు.

వీధిలో రెండు మూడిళ్లలో ఒకేసారి విరేచనాలు మొదలైతే నల్లా నీటిని అనుమానించి, రోగికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి తాగిస్తూ, అదే రోజు మున్సిపాలిటీకి, ఆరోగ్య కేంద్రానికి తెలియజేయండి.