ఏదో ఒకటి వెంటనే తేలిపోవాలన్న తొందరను పట్టుకోవడం ఎలా

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ మోగిపోయింది, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. పిల్లలకేమవుతుందోనన్న భయం, అసలేం జరుగుతోందో తెలియని అయోమయం, ఎదురుగా మనవాళ్లలా కనిపించని మనిషి. అలాంటప్పుడు "వీళ్లే" అనేయడానికి ఎంతసేపు పడుతుంది?

ఆరీ క్రుగ్లాన్‌స్కీ అనే సైకాలజిస్టు వెంటనే తేలిపోవాలన్న ఈ గుణం మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. అయోమయాన్ని తట్టుకోలేనప్పుడు మనం ముందు దొరికిన జవాబును లాక్కుంటాం, ఆ తర్వాత దాన్ని చచ్చినా వదలం. కొందరికి ఇది స్వభావంలోనే ఎక్కువ. ఈ గుణం సంప్రదాయవాదుల్లో సగటున కొంచెం ఎక్కువని 2003లో 12 దేశాల పరిశోధనలను కలిపి చూసినవాళ్లు చెప్పారు. అది చదవగానే "హమ్మయ్య, మావాళ్లు కాదు" అనిపించిందా? అదిగో, ఆ తొందర గురించే చెబుతున్నా.

కాబట్టి మొదట మీ అభిప్రాయాన్ని కాదు, అది పుట్టిన టైమ్‌ను అనుమానించండి. 1983లో క్రుగ్లాన్‌స్కీ, ఫ్రాయిండ్ ప్రచురించిన ఇజ్రాయెల్ ప్రయోగం ఒకటుంది. వ్యాసం అదే, రాసినవాళ్లు ఏ మూలాల యూదులో మాత్రం మార్చి చెప్పి మార్కులు వేయమన్నారు. టైమ్ లేదని తొందరపెడితే మూలాన్ని బట్టి మార్కుల్లో తేడా పెరిగింది, వేసిన మార్కులకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందంటే తగ్గింది. ఇందులో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. డ్యూటీ దిగి, ట్రాఫిక్‌లో నలిగి, రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకున్నప్పుడు ఒక కులాన్నో మతాన్నో తిట్టే మెసేజ్ వస్తే నమ్మొద్దు, ఖండించనూ వద్దు, పొద్దున చూడండి. రెండోది, ఆ మాటను ఆ కులానికో మతానికో చెందిన మీ కొలీగ్ ఎదురుగా అనగలరా, "ఎందుకలా అన్నావ్" అంటే చెప్పడానికి మీ దగ్గర ఏముంది అని ప్రశ్న వేసుకోండి. ఈ ప్రశ్నకే సగం ఫార్వర్డులు ఆగిపోతాయి.

పథకాల మీద వాదనలకైతే ఇంకో పద్ధతి ఉంది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు మంచిదా చెడ్డదా అని కాకుండా అది ఎలా నడుస్తుందో కాగితం మీద రాయండి: జీరో టికెట్ ఎందుకు కొడతారు, ఆర్టీసీకి ఆ డబ్బు ఎవరు, ఏ లెక్కన ఇస్తారు. మూడో లైనుకే చాలామంది ఆగిపోతారు. ఇలా వివరించమంటే జనం కాస్త మెత్తబడతారని 2013లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది గానీ, తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే అభిప్రాయాలేమీ మారలేదు, అందుకని దీన్ని మంత్రంలా నమ్మకండి. మనకు ఎంత తెలియదో మనకైతే తెలుస్తుంది, నాకు అది చాలు.

ఇక ఇలాంటి మెసేజ్‌లు నమ్మి ఫార్వర్డ్ చేసే ఇంట్లో బాబాయ్ సంగతి. వరసపెట్టి ఫ్యాక్ట్‌చెక్ లింకులు పంపిస్తే ఆయన చేతిలో ఉన్న ఒక్క జవాబూ లాగేసినట్టవుతుంది, టెన్షన్ పెరుగుతుంది, ఇంకా బిగుసుకుంటారు. పాత జవాబు తీసేచోట ఇంకో గట్టి జవాబు పెట్టాలి. ఆ 2018లోనే జోగుళాంబ గద్వాల ఎస్పీ రమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, పాటలతో, డప్పులతో ప్రచారం చేయించారు. తెలిసిన ముఖం ఊళ్లోకొచ్చి "అదంతా పుకారు, అనుమానం వస్తే మాకు చెప్పండి" అంటే మనసుకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది కదా.

నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది బెల్జియం పరిశోధకులు 2011లో చెప్పిన విషయం: వేరే వర్గం వాళ్లతో మంచి పరిచయం ఏర్పడితే, ఈ తేలిపోవాలన్న తొందర ఎక్కువున్నవాళ్లలోనే ద్వేషం ఎక్కువగా తగ్గిందట. మొండివాళ్లు అనుకుని మనం ముందే వదిలేసుకునేది వాళ్లనే! అందుకే బాబాయ్‌తో రాజకీయం మాట్లాడి గెలవాలని చూడకండి. ఈసారి రంజాన్‌కి మీ ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్తుంటే ఆయన్నీ తీసుకెళ్లండి, అక్కడ మాత్రం ఎన్నికల ఊసెత్తకండి.