మరిచిపోయిందా, ఊరికే తిరిగిందా? చిట్టెలుకల్లో స్కోపోలమైన్ పరీక్ష

స్కోపోలమైన్ అనే మందు మెదడులోని మస్కరినిక్ గ్రాహకాలను (ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే చోట్లను) అడ్డుకుని చిట్టెలుకకు మతిమరుపు తెస్తుంది. అదే మందు దాన్ని కుదురుగా ఉండనివ్వదు కూడా. అందుకే కదలికను కొలవకుండా జ్ఞాపకం అంకె ఒక్కటే చూపించే ప్రయోగాన్ని మేం నమ్మం.

ముందు ఐఏఈసీకి, అంటే సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక సంఘానికి, ఫారం-బి అనే దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోండి. మోతాదు కిలోకి 1 మి.గ్రా., కడుపు కుహరంలోకి, పరీక్షకు 30 నిమిషాల ముందు. 100 మి.లీ. సెలైన్‌లో 10 మి.గ్రా. మందు కరిగించి కిలోకి 10 మి.లీ. చొప్పున ఇస్తే 25 గ్రాముల చిట్టెలుకకు 0.25 మి.లీ. పడుతుంది. ఈ లెక్క లవణానిదా (హైడ్రోబ్రోమైడ్ వంటి రూపం), బేస్‌దా (ఒట్టి స్కోపోలమైన్) అన్నది నోట్‌బుక్‌లో రాయండి. బేస్ 1 మి.గ్రా. కావాలంటే ట్రైహైడ్రేట్ రూపంలోని హైడ్రోబ్రోమైడ్ 1.44 మి.గ్రా. తూచాలి. సెలైన్ గుంపుతో పాటు మిథైల్ స్కోపోలమైన్ గుంపు కూడా పెట్టండి. అది మెదడులోకి అంతగా వెళ్లదు, కాబట్టి నోరు ఎండడం, కంటిపాప పెద్దదవడం వంటి వాటి ప్రభావం ఎంతో తేలిపోతుంది.

చిట్టెలుకలను గంట ముందే పరీక్ష గదికి తెచ్చి ఉంచండి. యాక్టోఫోటోమీటర్‌లో (కాంతి కిరణాలు ఎన్నిసార్లు తెగాయో లెక్కపెట్టి కదలికను కొలిచే పెట్టెలో) 10 నిమిషాల లెక్క తీయండి. దీనికి వేరే చిట్టెలుకలను వాడండి.

తర్వాత వై-మేజ్, అంటే Y ఆకారంలో ఎ, బి, సి అనే మూడు గదులున్న పెట్టె. ఇప్పుడే చూసిన గది గుర్తుంటే చిట్టెలుక మిగతా గదికి పోతుంది. మధ్యలో వదిలి 8 నిమిషాలు చూడండి. నాలుగు కాళ్లూ లోపల పడితేనే ప్రవేశం. ఎ, బి, సి, బి, ఎ, సి అని తిరిగిందనుకోండి. వరసగా మూడేసి తీస్తే నాలుగు జట్లు: ఎబిసి, బిసిబి, సిబిఎ, బిఎసి. మూడింటిలో మూడు గదులూ వచ్చాయి, అంటే 75 శాతం. గుర్తేమీ లేకుండా తిరిగినా దాదాపు 50 వస్తుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే చిట్టెలుకకైతే ఏ జ్ఞాపకమూ లేకుండానే 100 వస్తుంది! అందుకే శాతంతో పాటు మొత్తం ప్రవేశాలు, ఏ పక్కకు తిరిగిందీ కూడా రాయాలి. ఒక్కో చిట్టెలుక అయ్యాక 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వండి. వాసన మిగిలితే తర్వాతది ఆ వాసన పట్టుకునే తిరుగుతుంది.

పాసివ్ అవాయిడెన్స్‌లో (షాక్ తగిలిన చోటికి మళ్లీ పోకుండా ఎంతసేపు ఆగుతుందో చూసే పరీక్షలో) చిక్కు ఇంకా ఎక్కువ. వెలుతురు గదిలోంచి చీకటి గదిలోకి అడుగుపెట్టగానే పాదాలకు స్వల్ప షాక్ ఇస్తాం. 24 గంటల తర్వాత మళ్లీ వెలుతురు గదిలో పెట్టి, చీకటి గదిలోకి పోకుండా ఎంతసేపు ఆగిందో 300 సెకన్ల వరకు చూస్తాం. ఈ పరీక్షకు ముందు స్కోపోలమైన్ ఇస్తే హుషారెక్కి త్వరగా దూరిపోతుంది, అది మతిమరుపులా కనిపిస్తుంది. మరో గుంపుకు షాక్ అయిన వెంటనే ఇవ్వండి. నేర్చుకునేటప్పుడూ, పరీక్షలోనూ దాని ఒంట్లో మందు ప్రభావం ఉండదు. ఈ గుంపులోనూ ఆగే సమయం తగ్గితే కదలికను నిందించలేం. కొత్త మందును పరీక్షిస్తుంటే షాక్ తగిలినప్పుడు ప్రతి చిట్టెలుకా ఎగిరిందో, కిచకిచలాడిందో రాయండి. ఆ మందు నొప్పి తగ్గించేదైతే షాక్ సరిగా తెలియదు, గుర్తుండడానికి అసలేమీ ఉండదు.