తామర తగ్గిందనుకుని రెండుసార్లు మోసపోయాను

గజ్జల్లో తామర. చెప్పుకోవడానికి సిగ్గేసి మూడు నెలలు దాచాను. నాలాగే దాచుకునేవాళ్లు ఉంటారని ఇది రాస్తున్నాను.

మొదట ఇంట్లో ఉన్న ఏదో ట్యూబు రాశాను. రెండు రోజుల్లో దురద పోయింది. మానేయగానే మచ్చ ఇంకా పెద్దదై తొడ మీదికి పాకింది. డాక్టరుగారు ట్యూబు చూసి అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. అది ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, లోపల తామరను తెచ్చే ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దురద తగ్గితే రోగం తగ్గినట్టేనని నమ్మడమే నా పొరపాటు.

తర్వాత ఒట్టి క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రాసిచ్చారు. ఫంగస్ కణాల పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారవకుండా అది అడ్డుకుంటుంది. పదో రోజుకే చర్మం మామూలుగా కనిపించింది, ఆపేశాను. పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చింది.

మూడోసారి చెప్పినట్టే చేశాను. రోజుకు రెండుసార్లు, పూర్తిగా 4 వారాలు. ఫంగస్ చురుగ్గా ఉండేది మచ్చ అంచుల్లో కాబట్టి, అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా పలుచగా రాయాలి. అదీ ఒళ్లు బాగా ఆరాకే. తువ్వాలు వేరుగా పెట్టుకున్నాను. లోదుస్తులు రోజూ మార్చి, ఉతికి ఎండలో ఆరేశాను.

కాలివేళ్ల మధ్య కూడా ఒరిసి ఉందని అప్పుడే గమనించాను. అక్కడినుంచే పైకి అంటుకుంటుందట! అక్కడా అదే క్రీము రాశాను.

మళ్లీ రాలేదు. గోధుమరంగు మరక కొన్నాళ్లు ఉండి దానంతటదే పోయింది. తలలోనో గోళ్లలోనో వస్తే మాత్రం క్రీముతో సాధారణంగా తగ్గదు, డాక్టరుకు చూపించండి.