పాత ఫ్లాట్ కొనేముందు పరీక్ష ఎంత లోతుగా చేయించాలి?

మా మొదటి ఫ్లాట్ చెన్నై వేలచ్చేరిలో, పై అంతస్తులో. మే నెలలో చూశాం. అప్పుడే వేసిన రంగు, నాలుగు వైపులా గాలి. మా అత్తయ్య మురిసిపోయారు. నవంబరులో వానలు పట్టాక పడకగది స్లాబు నుంచి నీళ్లు కారి బీరువా మీది పట్టుచీరల పెట్టె తడిసిపోయింది. మేడ మీద పరిచిన తట్టు ఓడు పెంకుల సందులు విడిపోయి, కింద ఉన్న ఇటుక జెల్లీ, అంటే ఇటుక ముక్కల పొరలోకి నీళ్లు దిగుతున్నాయట. చెన్నై పాత మేడల్లో ఇది మామూలే అని తర్వాత తెలిసింది. ఎవరినైనా ఒక్కసారి మేడెక్కించి చూపించి ఉంటే ముందే తెలిసేది.

అందుకే రెండోసారి, మడిపాక్కంలో 14 ఏళ్ల నాటి రెండు పడకగదుల ఫ్లాట్ నచ్చినప్పుడు, అడ్వాన్స్ ఇవ్వకముందే ఇంజనీరుతో పరీక్ష చేయించాలని గట్టిగా అనుకున్నాను. అయితే ఎంతవరకు చేయించాలి? ఆ సంగతి తేల్చింది లెస్టర్‌లో ఉండే మా మరిది. తను ఇల్లు కొన్నప్పుడు సర్వే చేయించుకున్నాడు. ఇంగ్లండ్‌లో సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ ఇంటి సర్వేలను మూడు స్థాయిలుగా పెట్టింది. మొదటిది పైపైన చూసేది. రెండోది మామూలు కట్టడం, ఓ మోస్తరు బాగున్న ఇంటికి. మూడోది బాగా పాతవాటికి, మార్పులు చేర్పులు జరిగినవాటికి. రెండో స్థాయిలో గోడ తవ్వరు, నేల పెకలించరు. కంటికి కనిపించేదాన్ని శ్రద్ధగా చూసి, ఒక్కో భాగానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తు పెడతారు. "మీ ఫ్లాట్‌కి అలాంటిదే అడగండి వదినా, చాలు" అన్నాడు.

మన దగ్గర ఈ స్థాయిల పేర్లు లేవు. కాబట్టి ఏం కావాలో మనమే విడమరిచి చెప్పాలి.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. లోన్ ఇచ్చే బ్యాంకు ఎలాగూ ఇంజనీరును పంపుతుందిగా అంటారు చాలామంది. ఆయన వచ్చేది బ్యాంకు కోసం. కొలతలు, ఫొటోలు తీసుకుని, ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి సరిపోతుందో లేదో రాస్తాడు. బాత్రూమ్ కారుతోందా అన్నది ఆయన పని కాదు. అలాగే ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మిగతా పత్రాలు, యూడీఎస్ (స్థలంలో మన విడదీయని వాటా) లెక్క, చెన్నై నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ ఆమోదించిన ప్లాన్ చూడటం లాయర్ పని. అది విడిగా చేయించుకోవాల్సిందే.

మధ్యస్థాయి పరీక్ష ఎవరికి సరిపోతుంది? పదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు అపార్ట్‌మెంటు, పైన తర్వాత అంతస్తు లేపలేదు, లోపల గోడలు కొట్టి గదులు కలపలేదు అంటే సరిపోతుంది. కొత్త ఫ్లాట్ అయితే అంత అక్కర్లేదు. టైల్సు, తలుపులు, కుళాయిలు, వైరింగ్ చూసి లోపాల జాబితా రాయించుకుంటే చాలు. స్థిరాస్తి కొనుగోలుదారుల కోసం తెచ్చిన రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట స్తంభాలకు, బాల్కనీ అడుగున పెచ్చులూడి తుప్పు ఇనుము కనిపిస్తుంటే మాత్రం మధ్యస్థాయి దగ్గర ఆగొద్దు. ముప్పై ఏళ్లు దాటినవాటికీ అంతే. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హామర్, లోపలి పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్, ఇనుము తుప్పు పడుతోందా అని చెప్పే హాఫ్ సెల్ పరీక్షలు కావాలి. ఖర్చు ఎక్కువే, అయినా వెనకాడొద్దు.

ఇంజనీరును బ్రోకరు చెప్పినవాళ్లలోంచి తీసుకోకండి. రిపేరు పనులూ తనే చేస్తానన్న మనిషి కూడా వద్దు. లేని జబ్బు చూపించే అవకాశం ఉంటుంది. ఫోన్‌లోనే నేను అడిగినవి ఇవి: చెమ్మ కొలిచే మీటర్ తెస్తారా? మేడ, సంప్ (నేలలోని నీళ్ల తొట్టి), పార్కింగ్‌లోని స్తంభాలు కూడా చూస్తారా, లేక ఫ్లాట్ లోపల మాత్రమేనా? ఫొటోలతో రాతపూర్వకంగా ఇస్తారా? ఏది అర్జెంటు, ఏది ఆగొచ్చు అని విడదీసి రాస్తారా? ఏవి చూడరో కూడా రాస్తారా? చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చినవాడినే నేను పిలిచాను. పాత రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి, చూపించమని కూడా అడగండి. మూడు పేజీల్లో అంతా "బాగుంది" అని ఉంటే ఆ డబ్బు దండగ.

పరీక్ష రోజు మీరు పక్కనే ఉండండి. నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. ఆయన మూడు గంటలు ఉన్నారు. హాల్లో గోడకు రెండు సూదుల మీటర్ ఆనిస్తే 9, 10 చూపించింది. పెద్ద పడకగదిలో చెక్క అల్మరా తలుపు తెరిచి, బట్టలు పక్కకు జరిపి, వెనక గోడకు ఆనించారు. 30 దాటింది. ఆ గోడకు అవతల బాత్రూమ్. టైల్సు మీద స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్తుంటే నాలుగు టైల్సు డొల్లగా మోగాయి. "అమ్మా, ఇక్కడ చెయ్యి పెట్టండి" అన్నారు. అల్మరా లోపలి గోడ చల్లగా, తెల్లటి ఉప్పు పొడితో ఉంది. బయటి నుంచి చూస్తే ఆ గది కొత్త పెళ్లికూతురిలా ఉంది.

పగుళ్ల గురించి ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. దూలానికీ ఇటుక గోడకూ మధ్య వెంట్రుకంత అడ్డగీత సాధారణంగా ప్రమాదం కాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులైతే రాయించుకోవాలి. స్తంభం లేదా దూలం పొడవునా, లోపలి ఇనుము దారిలోనే బీట ఉంటే అది తుప్పు పని. అక్కడ ఆగి పై స్థాయి పరీక్ష అడగాలి.

రిపోర్టులో రానిది ఒకటుంది. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో వాచ్‌మన్‌ను, వీధిలో ఇస్త్రీ చేసేవాళ్లను అడగండి. మా ఇస్త్రీ పెద్దాయన తన మోకాలు చూపించాడు. వీలైతే తమిళ నెలలు ఐప్పసి, కార్తిగై (అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా) వానలో ఒకసారి ఇంటికి వెళ్లి చూడండి. వేసవిలో ఏ ఇల్లయినా పొడిగానే ఉంటుంది.

నాకు పరీక్షకు 12 వేలైంది. రిపోర్టులో ఎరుపు ఒక్కటే, ఆ బాత్రూమ్. అమ్మే పెద్దాయనకు ఫొటోలు చూపిస్తే వాదించలేదు. టైల్సు తీసి, కొత్త వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్ల పరీక్ష అయ్యాకే రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్‌లో రాయించుకున్నాం. టైల్సు వేయకముందే బాత్రూమ్ తూము మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదిలేశారు. మూడో రోజు పొద్దున కింది ఫ్లాట్ వాళ్లను బతిమాలి వాళ్ల బాత్రూమ్‌లో స్టూలెక్కి సీలింగు తడిమి చూశాను. పొడిగా ఉంది. టైల్సు పని పూర్తవగానే రిజిస్ట్రేషన్‌కు తేదీ తీసుకున్నాం.