ఫ్రెంచివాళ్లకు ఇంగ్లీషు నేర్పుదాం – 6వ పాఠం: వీడియో కాల్ మొరాయిస్తే

ఫ్రెంచి సహోద్యోగులకు ఇంగ్లీషులో చేయూతనిస్తున్నవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయినసారి పలకరింపులు చూశాం. ఈసారి కాల్ మధ్యలో గొంతు తెగిపోతే, బొమ్మ ఆగిపోతే ఏమనాలో చూద్దాం. అప్పటిదాకా చక్కగా మాట్లాడినవాళ్లకి కూడా ఆ టెన్షన్‌లో సొంత భాష వ్యాకరణమే నోటికొస్తుంది.

ముందు వినపడకపోవడం సంగతి. ఫ్రెంచిలో 'జ్ న వూజాంతాం పా' అంటారు, మీ మాట వినపడటం లేదని. అందులో 'గలను' అనే క్రియ ఉండదు. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే 'ఐ డోన్ట్ హియర్ యూ' అవుతుంది. ఇంగ్లీషులో ఇక్కడ 'క్యాన్' కావాలి: 'ఐ కాన్ట్ హియర్ యూ'. మనం కూడా ఇక్కడే జారతాం. 'వినపడటం లేదు'ను 'ఐ యామ్ నాట్ హియరింగ్ యూ' చేసేస్తాం. వాళ్లకి నేర్పుతూ మనమూ దిద్దుకుందాం. చూపుకీ ఇదే పద్ధతి: 'ఐ కాన్ట్ సీ యువర్ స్క్రీన్'.

ఫ్రెంచిలో 'హ' పలకరు కాబట్టి 'హియర్' కాస్తా 'ఇయర్' అయిపోతుంది. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని, వెచ్చటి ఊపిరి చేతికి తగిలేదాకా 'హియర్' అనమనండి. ఇంకో చిక్కు, నెట్ బాగా లేనప్పుడు 'కాన్ట్' చివరి 'ట్' మాయమవుతుంది. అవతలివాళ్లకి వినపడుతోందన్నారో, లేదన్నారో తెలీదు. అందుకే నేను 'సారీ, ఐ కెనాట్ హియర్ యూ' అని విడదీసి పలికిస్తాను.

మాట తెగుతుంటే వాళ్లు 'సా కూప్' అంటారు. దాన్ని 'ఇట్ కట్స్' అంటే ఇంగ్లీషువాళ్లకి అర్థం కాదు. 'యూ ఆర్ బ్రేకింగ్ అప్' అనాలి. బొమ్మ ఆగిపోతే ఫ్రెంచిలో 'ఫిజే'. చల్లారిన కొవ్వు పేరుకోవడానికి కూడా ఇదే మాట. ఇంగ్లీషులో అది గడ్డకట్టడమే: 'యువర్ వీడియో హాజ్ ఫ్రోజెన్'. పోలిక దగ్గరగా ఉంది కాబట్టి ఇది త్వరగా పట్టుబడుతుంది.

మైకును వాళ్లు 'మిక్రో' అంటారు, ఆపడాన్ని 'కోయడం' అంటారు. 'కట్ యువర్ మైక్రో' అని వినిపిస్తే వెంటనే దిద్దండి: 'కుడ్ యూ మ్యూట్ యువర్‌సెల్ఫ్, ప్లీజ్?' ఎవరైనా మ్యూట్ తీయకుండా మాట్లాడుతుంటే 'ఐ థింక్ యూ ఆర్ ఆన్ మ్యూట్'. ఆ 'ఐ థింక్' తీసేయకండి. క్లయింటు ముందు అది మర్యాద.

'యాక్చువల్లీ'తో జాగ్రత్త. ఫ్రెంచిలో దాన్ని పోలిన మాటకి 'ప్రస్తుతం' అని అర్థం. కెమెరా ఇప్పుడు పనిచేయడం లేదని చెప్పాలంటే 'మై కెమెరా ఈజంట్ వర్కింగ్ ఎట్ ద మొమెంట్'.

ఏదీ కుదరకపోతే 'లెట్ మీ లీవ్ అండ్ రీజాయిన్' అని చెప్పాకే బయటికి రమ్మనండి. చెప్పకుండా మాయమైతే అవతలివాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

అభ్యాసం: ఇద్దరూ చెరో గదిలో కూర్చుని కాల్ కలపండి. మీరు మాట మధ్యలో మైకు ఆపుతూ, తీస్తూ ఉండండి. ఏ వాక్యం వాడాలో అవతలివారు కాగితం చూడకుండా చెప్పాలి. ఒక పావుగంట చాలు. వచ్చే పాఠంలో స్క్రీన్ షేరింగ్.