తప్పిన రోజు మర్నాడు: నాలుగవ పాఠం

కిందటి మూడు పాఠాలలో లక్ష్యాన్ని కాగితం మీద పెట్టుకోవడం, వ్యాయామాన్ని దినచర్యలో ఇముడ్చుకోవడం, పస్తులుండకుండా ఆహారాన్ని కొద్దిగా తగ్గించుకోవడం నేర్చుకున్నాం. అవన్నీ సవ్యంగా సాగుతున్న రోజుల్లో ఎవరికీ పాఠాల అవసరం పెద్దగా ఉండదు. ఈ వారం పాఠం అవి సాగని రోజు గురించి, ముఖ్యంగా దాని మర్నాటి ఉదయం గురించి. కొవ్వు తగ్గించుకోవాలనుకునే స్త్రీలు ప్రయత్నాన్ని వదిలేసేది ఎక్కువగా ఆ ఉదయమేనని నా నమ్మకం. తప్పిన ఒక్క రోజు వల్ల కలిగే నష్టం చాలా స్వల్పం. దానికి మనకు మనం వేసుకునే శిక్ష వల్ల కలిగే నష్టమే పెద్దది. ఆ శిక్ష వేసుకోకుండా మళ్ళీ మామూలు దారిలోకి రావడం ఒక నైపుణ్యం. ఇది పుట్టుకతో కొందరికే దక్కిన నిగ్రహం కాదు కాబట్టి బస్కీలు తీయడం నేర్చుకున్నట్టే దీన్నీ నేర్చుకోవచ్చు.

ముందుగా అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ ఉదయం మనసును మొదట విరిచేది బరువు చూసుకునే యంత్రం మీది అంకే. రాత్రి విందులో మామూలు కన్నా బాగా ఎక్కువ తిన్న ఒక స్త్రీ తెల్లవారి బరువు చూసుకుంటే 1.5 కిలోలు పెరిగి కనిపించిందనుకుందాం. శరీరంలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. అంటే ఆ పెరిగినదంతా కొవ్వే అయి ఉండాలంటే, ఆ రోజు ఒంటికి కావలసిన తిండి పోగా, మరో 11,500 కేలరీలు తిని ఉండాలి. రోజుకు 2,000 కేలరీలు ఖర్చయ్యే స్త్రీకి అది దాదాపు ఆరు రోజుల ఆహారం! మరి పెరిగిన బరువు ఏమిటి? తిన్న పిండిపదార్థాలలో కొంత భాగం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. విందులో ఎక్కువగా పడిన ఉప్పు మరికొంత నీటిని ఆపుతుంది. ఇంకా అరగని ఆహారం కడుపులోనూ పేగుల్లోనూ ఉంటుంది. మామూలు తిండికి తిరిగి వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇదంతా దిగిపోతుంది. నిజంగా 1,000 కేలరీలు ఎక్కువ తిన్నా కొవ్వుగా చేరగలిగేది 130 గ్రాములకు మించదు. ఈ లెక్కను మీరు ఈ పాఠాల కోసం రాసుకునే పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి. ఆ ఉదయం బుర్ర సరిగా పనిచేయదు కాబట్టి, అది పనిచేసే వేళలోనే రాసుకోవాలి.

స్త్రీల విషయంలో ఇంకో కారణమూ ఉంది. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి ఒంట్లో నీరు చేరుతుంది, ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. ఏ తప్పూ చేయకపోయినా ఆ వారం అంకె పైకి పోవచ్చు. అందువల్ల ఈ వారం బరువును కిందటి వారం బరువుతో పోల్చి దిగులు పడడం కన్నా, కిందటి నెలసరి చక్రంలో ఇదే దశలో ఉన్న బరువుతో పోల్చడం న్యాయం. ఈ ఒక్క అలవాటుతోనే నెలకొకసారి వచ్చే నిరాశ చాలావరకు తొలగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1975లో పీటర్ హెర్మన్, డెబోరా మ్యాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థినులతో ఒక ప్రయోగం చేశారు. పైకి చెప్పింది రుచి పరీక్ష అని. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తరువాత అందరి ముందూ ఐస్‌క్రీమ్ పెట్టి, రుచి ఎలా ఉందో చెప్పడానికి ఎంతైనా తినవచ్చన్నారు. తిండి విషయంలో కట్టుబాట్లు లేనివారు మిల్క్‌షేక్ తాగితే, సహజంగానే, ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవారు మాత్రం మిల్క్‌షేక్ తాగిన తరువాతే ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పగానే, ఎలాగూ చెడింది కదా, ఇంకెంతైతేనేం అనే ధోరణి వారిని లాక్కుపోయింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అంతగా తినిపించింది ఆకలీ కాదు, ఐస్‌క్రీమ్ రుచీ కాదు. ఈ రోజు పాడైపోయింది అన్న తీర్పే తినిపించింది.

2007లో క్లేర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనే పరిశోధకులు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకువెళ్ళారు. విద్యార్థినులకు ముందుగా డోనట్ తినిపించి, తరువాత మిఠాయిలు రుచి చూడమన్నారు. మధ్యలో కొందరితో మాత్రం, ఇలాంటివి అందరూ అప్పుడప్పుడు తింటూనే ఉంటారు, దీనికి మిమ్మల్ని మీరు అంతగా నిందించుకోనక్కరలేదు అన్న అర్థంలో నాలుగు మాటలు చెప్పారు. నోరు కట్టుకునే అలవాటున్నవారిలో ఆ మాటలు విన్నవారు, విననివారి కన్నా తక్కువ మిఠాయిలు తిన్నారు. మనల్ని మనం క్షమించుకుంటే అదుపు తప్పుతుందని, తిట్టుకుంటేనే దారిలో ఉంటామని మనలో చాలామంది చిన్ననాటి నుంచీ నమ్ముతాం. ఈ ప్రయోగంలో ఆ నమ్మకానికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. నా దృష్టిలో ఈ పాఠమాల మొత్తానికి ఇదే ఆయువుపట్టు. కాబట్టి తొందర లేకుండా ఈ పేరాను ఇంకొకసారి చదవమని కోరుతున్నాను.

ఇక నైపుణ్యం. తప్పిన రోజు మర్నాడు, స్నానం చేసి, మామూలుగా తినే మొదటి భోజనం తిన్న తరువాత, పుస్తకం తీసి మూడు వాక్యాలు రాయాలి. ఏం జరిగిందో ఒక వాక్యం, అంతకు ముందు ఏం జరిగిందో ఒక వాక్యం, తరువాతి పూట ఏం చేస్తానో ఒక వాక్యం. చూడడానికి సులువే. రాయడం మొదలుపెట్టాక తెలుస్తుంది, మనకు మన గురించి నిందలు రాయడం వచ్చినంత తేలికగా నిజాలు రాయడం రాదని. సాధారణంగా మొదటిసారి రాసేవారి పుస్తకంలో ఇలా ఉంటుంది: “నిన్న రాత్రి బుద్ధి లేకుండా తిన్నాను. నాకు నిగ్రహం ఎప్పుడూ లేదు. ఈ రోజంతా పస్తుండి, సాయంత్రం రెండు గంటలు పరుగెత్తుతాను.” ఇందులో సమాచారం ఒక్క ముక్క లేదు. మొదటి వాక్యం తిట్టు, రెండవది తీర్పు, మూడవది శిక్ష. వచ్చే వారం ఇదే పరిస్థితి ఎదురైతే ఈ పేజీ ఆమెకు ఏ విధంగానూ సాయపడదు.

అదే రాత్రిని ఇలా రాయవచ్చు: “రాత్రి తొమ్మిది గంటలకు వంటింట్లో నిలబడి, కడుపు నిండిన తరువాత కూడా తిన్నాను. మధ్యాహ్నం పని తెమలక భోజనం మానేశాను, అంతకు ముందు రాత్రి ఐదు గంటలే నిద్రపోయాను. ఈ మధ్యాహ్నం ఒంటి గంటకు కూర్చుని భోజనం చేస్తాను.” రెండవ వాక్యంలో కారణం ఎంత స్పష్టంగా బయటపడిందో చూడండి. సమస్య రాత్రి తొమ్మిదింటిది కాదు, మధ్యాహ్నం ఒంటి గంటది. నిగ్రహం లేదనుకున్నచోట నిజానికి లేనిది ఒక పూట భోజనం, రెండు గంటల నిద్ర. నిద్ర మాట ఊరికే రాయలేదు. 2010లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, ఒకే మోతాదు తక్కువ ఆహారం మీద ఉన్న మనుషులకే నిద్రకు ఇచ్చే సమయాన్ని రాత్రికి ఎనిమిదిన్నర గంటల నుంచి ఐదున్నర గంటలకు తగ్గించినప్పుడు, తగ్గిన బరువు దాదాపు అంతే ఉన్నా, అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువ పోయింది.

మూడవ వాక్యం విషయంలో ఒక నిబంధన ఉంది. అందులో పస్తు ఉండకూడదు, అదనపు వ్యాయామమూ ఉండకూడదు. తరువాతి పూట మీరు మామూలుగా ఏం చేసేవారో అదే రాయాలి. పస్తు ఎందుకు వద్దో చెప్పడానికి 1944, 1945 సంవత్సరాల్లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నిర్వహించిన అర్ధాకలి ప్రయోగం కన్నా మంచి నిదర్శనం లేదు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు ఆరు నెలల పాటు తమ అవసరంలో సుమారు సగం తిండితో గడిపి, బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. ఆ కాలంలో వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి. కొందరు వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు. ఆంక్షలు తొలగిన తరువాత ఎంత తిన్నా తృప్తి కలగలేదన్నవారు ఉన్నారు. వారంతా పురుషులు, ఇష్టపడి వచ్చినవారు, మానసికంగా దృఢమైనవారని చూసి ఎంపిక చేసినవారు. స్త్రీలకు నోటి మీద అదుపు ఉండదని ఎవరైనా అంటే ఈ యువకులను గుర్తు చేసుకోండి. ఆకలితో మాడిన శరీరం ఎవరిదైనా తిండినే అడుగుతుంది.

వ్యాయామం తప్పిన రోజుకూ ఇదే పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తును సూచిస్తున్నాయి. ఆ లెక్క వారానిది, రోజుది కాదు. ఒక మంగళవారం పోయినంత మాత్రాన వారం పోదు. కొత్త అలవాట్లు ఎలా స్థిరపడతాయో పరిశీలించిన ఫిలిప్పా లాలీ బృందం కూడా 2010 నాటి పత్రంలో, మధ్యలో ఒక్క అవకాశం తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినదని రాసింది.

స్వీకారం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది ఓటమిగా అర్థం చేసుకుంటారు. నా శరీరాన్ని ఒప్పుకుంటే ఇక మార్చుకోవలసిన అవసరం ఏముంటుంది అని అడుగుతారు. శరీరంలో మన చేతిలో ఉన్నవి ఉన్నాయి, లేనివి ఉన్నాయి. ఎముకల వెడల్పు, తుంటి ఆకారం మన చేతిలో లేవు. కొవ్వు ముందు ఎక్కడి నుంచి కరగాలో మనం నిర్ణయించలేం. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావం వల్ల స్త్రీలలో కొవ్వు తుంటి, తొడల దగ్గర చేరుతుంది, నెలసరి ఆగిపోయే వయసులో పొట్ట వైపు మళ్ళుతుంది. అసలు కొంత కొవ్వు లేకపోతే స్త్రీ శరీరం సరిగా పనిచేయదు, ఆ కనీస అవసరం పురుషుల కన్నా స్త్రీలకు చాలా ఎక్కువ. వీటితో యుద్ధం చేయడం మానుకుంటే మిగిలే శక్తిని బలం, నిద్ర, భోజన వేళల మీద పెట్టగలం. ద్వేషించే ఒంటికి ఎవరూ ఏళ్ళ తరబడి ఓపికగా సేవ చేయలేరు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. తిన్నదాన్ని వాంతి చేసుకోవాలనిపించడం, అదుపు లేకుండా తినడం తరచూ జరగడం, నెలసరి వరుసగా మూడు నెలలు ఆగిపోవడం, రోజంతా తిండి ఆలోచనే వెంటాడడం వంటివి ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి. చేసే శ్రమకు తగిన శక్తి ఆహారంలో అందకపోతే ఎముకలు, హార్మోన్లు, గుండె కూడా దెబ్బతింటాయి. ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో క్రీడల్లో సాపేక్ష శక్తి లోపంగా గుర్తించింది. క్రీడాకారిణులకే కాదు, అతిగా డైటింగ్ చేస్తూ కసరత్తు చేసే ఏ స్త్రీకైనా ఇది వర్తిస్తుంది.

ఈ వారం అభ్యాసం ఇది. ఏ చిన్న నియమం తప్పినా, అది ఆలస్యంగా నిద్రపోవడమే అయినా సరే, మర్నాడు మూడు వాక్యాలు రాయండి. రాసిన తరువాత పైకి చదవండి. ఆ మాటలనే మీ చెల్లెలితో అనగలరా అని ఆలోచించి, అనలేని మాట ఉంటే కొట్టివేసి, దాని చోట జరిగిన విషయం మాత్రమే రాయండి. విందు జరిగిన మర్నాటి నుంచి మూడు రోజులు బరువు చూసుకోవద్దు. వారమంతా ఏదీ తప్పకపోతే, పాత సంఘటన ఒకటి గుర్తు తెచ్చుకుని దాని మీద రాయండి. రెండవ వాక్యం దగ్గర ఎక్కువ సేపు ఆగండి, మొదట తోచిన కారణం చాలాసార్లు అసలు కారణం కాదు.

వచ్చే పాఠంలో అద్దం గురించి, ఇతరుల ఫోటోలతో పోల్చుకోవడం గురించి నేర్చుకుందాం. ఈ వారం రాసిన పేజీలను చింపివేయకుండా ఉంచండి. వాటిలోని రెండవ వాక్యాలతోనే ఆ పాఠం మొదలవుతుంది.